అడ్డం ఉన్నది బల్ల ఒక్కటే కాదు
తల్లిపాల శిక్షణ పుస్తకాల మీద ఒక విమర్శ

తల్లిపాలు మంచివి అన్న మాట మీద ఈ దేశంలో డబ్బాపాల కంపెనీలకు తప్ప ఎవరికీ పేచీ లేదు. పుట్టిన గంటలోపల రొమ్ము పట్టించాలె, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా తాపొద్దు, ఆరు నెలలు నిండినంక మెత్తటి తిండి మొదలుపెట్టి రెండేళ్ళదాకా, ఆ పైన కూడా పాలు ఇస్తూనే ఉండాలె. ఈ మూడు మాటలు ఏ అంగన్‌వాడీ గోడ మీద చూసినా కనిపిస్తాయి. ఇవి తప్పని ఈ వ్యాసం అనడం లేదు. ఈ మాటలను తల్లిదాకా మోసుకుపోయే మనిషిని ఎట్లా తయారు చేస్తున్నారు, ఆ తయారీలో 'తల్లి' అంటే ఎవరిని ఊహించారు, ఎవరిని ఊహించలేదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

శిక్షణ పుస్తకాన్ని ఒక రచనగా ఎవరూ చదవరు. కథకూ కవితకూ విమర్శకులు ఉన్నారు. పాఠ్యపుస్తకాల్లో కులం ఎట్లా దాక్కుంటుందో కూడా మనవాళ్ళు కొంత రాశారు. కానీ ఆశా కార్యకర్త సంచిలో ఉండే పుస్తకం, అంగన్‌వాడీలో మేకుకు వేలాడే బొమ్మల చార్టు ఎవరి విమర్శకూ అందకుండా తిరుగుతున్నాయి. ఒక కవితను వెయ్యిమంది చదివితే గొప్ప. ఈ పుస్తకం లక్షల గడపల్లో వినబడుతుంది. అది విన్న తల్లి తన బిడ్డ ఎండిపోవడానికి తానే కారణమని నమ్ముతుందా, నమ్మదా అన్నది కూడా అందులోని మాటల మీదే ఆధారపడుతుంది. అందుకే వీటిని చదవాలె, గట్టిగా చదవాలె.

కోర్సు చెప్పేది

ఈ శిక్షణలకు ఒక మూలం ఉంది. 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తల్లిపాల కౌన్సెలింగ్ మీద 40 గంటల కోర్సు తయారు చేశాయి. 2006లో పాలతోపాటు అనుబంధ ఆహారాన్ని కూడా చేర్చి సమగ్ర కోర్సు తెచ్చాయి. మన దగ్గర ఆశాలకు చెప్పే 6, 7 మాడ్యూళ్ళలో, 2016 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ మొదలుపెట్టిన 'మా' కార్యక్రమంలో, 2018 తరువాత పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీ కార్యకర్తలకు చెప్పిన 21 పాఠాల్లో కొంచెం ఎక్కువగానో తక్కువగానో ఆ కోర్సు నీడ ఉంది.

ఆ కోర్సు గొప్పతనం ఏమంటే, అది ఆరోగ్య కార్యకర్తకు ముందు నోరు మూసుకోవడం నేర్పుతుంది. వినడానికి ఆరు నైపుణ్యాలు, తల్లికి ధైర్యం ఇవ్వడానికి ఆరు నైపుణ్యాలు అందులో ఉన్నాయి. అవును, కాదు అని తెగిపోయే ప్రశ్నలు వేయకు. ఆమె చెప్పినదాన్నే తిరిగి ఆమెకు వినిపించు. ఆమె బాధను గుర్తించు. తప్పుపట్టే మాటలు వాడకు. ఆమె అనుకుంటున్నదాన్ని ఎత్తుకోగానే కొట్టిపారెయ్యకు. ఆమె సరిగ్గా చేస్తున్నది ఏదో చూసి మెచ్చుకో. చేతనైన సాయం చెయ్యి. కొద్దిగానే చెప్పు, తేలిక మాటల్లో చెప్పు. ఒకటి రెండు సలహాలు ఇవ్వు గాని ఆజ్ఞలు ఇవ్వకు.

సర్కారు దవాఖానలో 'ఏయ్, ఇటు జరుగు' అనే పిలుపు తప్ప ఇంకో పిలుపు ఎరగని మన ఆడవాళ్ళకు ఈ పాఠం ఒక హక్కుపత్రం వంటిది. అందుకే దీన్ని అవతల పారెయ్యమని నేను అనను. తన మాటకు తాను కట్టుబడమని అడుగుతున్నాను.

ఆ నైపుణ్యాల్లో మొదటిది నోటితో కాక ఒంటితో మాట్లాడటం. దాని కింద ఐదు సూచనలు ఉన్నాయి. నీ తల ఆమె తలతో సమానమైన ఎత్తులో ఉంచు. ఆమె వైపు చూడు. మధ్యలో అడ్డాలు తీసెయ్. తొందరపడకు. తగిన విధంగా తాకు. అడ్డం అంటే ఆ కోర్సు లెక్కలో బల్ల, చేతిలో కాగితాలు. శిక్షణ ఇచ్చే మేడం ముందు బల్ల వెనక కూచుని మాట్లాడి చూపిస్తుంది. తరువాత బల్ల పక్కకు జరిపి మాట్లాడి చూపిస్తుంది. తేడా తెలిసిందా అని అడుగుతుంది. తెలిసిందంటారు. చాయ్ వస్తుంది.

మన ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తకూ తల్లికీ నడుమ బల్ల ఎక్కడిది? అరుగు ఉంది, గడప ఉంది. ఊరికీ వాడకూ మధ్య ఒక వాగో రోడ్డో ఉంది. తల సమానంగా ఉంచాలంటే ఆమె వాడలోకి వచ్చి, వంగి, మా ఇంట్లోకి దూరి, మా చాప మీద కూచోవాలె. తొందరపడకుండా ఉండాలంటే ఎండన పడి వచ్చినామె మా ఇంటి మంచినీళ్ళు తాగాలె. బల్లను జరపడం రెండు చేతుల పని. ఈ అడ్డాన్ని జరపడం ఏ మాడ్యూల్‌లో ఉంది?

తాకడం అనే నైపుణ్యం

'తగిన విధంగా తాకు' అని రాసినవాళ్ళ మనసులో ఉన్నది మర్యాద. పరాయి స్త్రీ ఒంటిమీద చెయ్యి వేసేటప్పుడు ఆమె అలవాట్లను గౌరవించమని ఆ మాటకు అర్థం. అదే మాట మన నేల మీదికి వచ్చేసరికి ఇంకో ప్రశ్న అవుతుంది. ఇక్కడ తాకడం, తాకకపోవడం కులం నడిపే విషయాలు.

ఇది నా ఊహ కాదు. ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ 2006లో తెచ్చిన పుస్తకం గ్రామీణ భారతంలో అంటరానితనాన్ని లెక్కగట్టింది. దానికి ఆధారం 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో జరిగిన సర్వే. ఆ రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళకు రావడానికి నిరాకరించే పరిస్థితి మూడో వంతు గ్రామాల్లో ఉందని ఆ పుస్తకం చెప్పింది. ఆ తరువాత 2010లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్, యునిసెఫ్ కలిసి వెలువరించిన సంఘమిత్ర ఆచార్య పరిశోధనాపత్రం గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలకు వైద్యం ఎట్లా అందుతున్నదో చూసింది. అందులో వివక్ష ఎక్కువగా బయటపడిన చోట్లలో తాకడం ఒకటి. గమనించండి, ఈ పత్రం వెనక ఉన్న యునిసెఫ్, ఆ కోర్సు వెనక ఉన్న యునిసెఫ్ ఒక్కటే. ఒక చేతికి తెలిసింది ఇంకో చేతి పుస్తకంలోకి ఎక్కలేదు.

తాకకుండా ఈ పని అవుతుందా? కాదు. బిడ్డ రొమ్మును సరిగ్గా పట్టిందో లేదో తెలుసుకోవడానికి నాలుగు గుర్తులు నేర్పుతారు. బిడ్డ నోరు పెద్దగా తెరిచి ఉండాలె. కింది పెదవి బయటికి తిరిగి ఉండాలె. గదమ రొమ్ముకు ఆనాలె. రొమ్ము మీది నల్లటి వలయం బిడ్డ నోటికి కిందివైపు కన్నా పైవైపు ఎక్కువ కనపడాలె. ఈ నాలుగు గుర్తులు వాకిట్లో నిలబడితే కనపడవు. తల్లి పక్కన కూచుని, కొంగు తొలగించి, బిడ్డ తల కింద చెయ్యి పెట్టి సరిచేస్తేనే తెలుస్తాయి. దవాఖానలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో పోవాలె. పోయినప్పుడల్లా బిడ్డను తూకం వెయ్యాలె, ఒళ్ళు వేడి చూడాలె. వాడలోకి రాకుండా, గడప దాటకుండా రిజిస్టరు నిండితే ఆరు సందర్శనలూ జరిగినట్టే లెక్క. కాగితం మీద ఆ బిడ్డకు అన్ని సేవలూ అందినట్టే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆశాల్లో, అంగన్‌వాడీ ఆయాల్లో మనవాళ్ళు ఉన్నారు. మా పెద్దమ్మ బిడ్డ ఆశాగా చేస్తది. కోర్సులో తాకమని చెప్పిన మాట నేను చదివి వినిపిస్తే నవ్వింది. "చెల్లె, పెద్దిండ్లల్ల బిడ్డను జోలెల వాళ్ళే ఏస్తరు, వాళ్ళే తీస్తరు. నేను దూరంనుంచి అంకె సూసి రాసుకుంట. సబ్బుతోటి చెయ్యి కడుక్కొమ్మని ట్రైనింగుల సెప్పిన్రు. ఎన్నిసార్లు కడిగితే నా చెయ్యి వాళ్ళకు సుబ్రమైతది?" చేతులు కడుక్కునే పద్ధతిని అంచెలంచెలుగా బొమ్మలేసి చూపించిన పుస్తకంలో ఈ ప్రశ్నకు ఒక్క వాక్యం కూడా లేదు. ఆమె దగ్గర విద్య ఉంది, ఉత్సాహం ఉంది. ఆమె విద్యను అరుగు కిందనే ఆపేసిన కులానికి ఈ శిక్షణలో పేరే లేదు. సందర్శన సరిగ్గా జరగలేదని తప్పు మాత్రం ఆమె లెక్కలోనే పడుతుంది.

చట్టం సంగతి చూద్దాం. తల్లిపాలకు బదులు వాడే పాలపొడి, పాలసీసాలు, పసిపిల్లల ఆహారం అమ్మకాల మీద 1992లో చట్టం వచ్చింది, 2003లో సవరించారు. కంపెనీలు ఆరోగ్య సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదు, దవాఖానల్లో ప్రచారం చేయకూడదు అని అది చెప్తుంది. శిక్షణల్లో ఈ చట్టాన్ని చెప్తారు, చెప్పాలె కూడా. మరి 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టంలో ఐదో సెక్షన్ ఆస్పత్రుల్లో చేర్చుకోవడానికి అంటరానితనం పేరుతో నిరాకరిస్తే శిక్ష అంటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఆస్పత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రాకుండా అడ్డుకోవడాన్ని నేరాల జాబితాలో చేర్చింది. ఇవి కూడా ఆరోగ్య కేంద్రాలకు సంబంధించిన చట్టాలే కదా! డబ్బాపాల కంపెనీ మీది చట్టం పాఠంలోకి వచ్చి, అంటరానితనం మీది చట్టం ఎందుకు రాలేదు? కంపెనీ బయటి శత్రువు. బయటి శత్రువు గురించి మాట్లాడితే శిక్షణ హాలులో ఎవరూ ఇబ్బంది పడరు. రెండో దాని గురించి మాట్లాడితే పక్క కుర్చీ కదులుతుంది.

చేపు

కోర్సులో ఒక చక్కటి శాస్త్రపాఠం ఉంది. పాలు తయారుకావడానికి ప్రొలాక్టిన్, తయారైన పాలు బయటికి రావడానికి ఆక్సిటోసిన్ కావాలె. బిడ్డను చూసినా, తలుచుకున్నా, ఏడుపు విన్నా ఆక్సిటోసిన్ పని మొదలవుతుంది. దిగులు, నొప్పి, తన పాల మీద తనకే అనుమానం కలిగితే అది తాత్కాలికంగా ఆగుతుంది. అందుకే తల్లికి ధైర్యం ఇవ్వడం అదనపు మర్యాద కాదని, అది చికిత్సలో భాగమేనని కోర్సు నొక్కి చెప్తుంది.

తెలుగులో దీనికి ఎప్పటినుంచో మాట ఉంది. చేపు. బర్రె చేపింది అంటాం, తల్లికి పాలు చేపుకొచ్చినయి అంటాం. దొరల కొట్టాల్లో తరతరాలు పేడ ఎత్తి, బర్లను మేపి, కడిగిన మనుషులకు చేపు అంటే ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. పాలు పిండే దగ్గరికి మాత్రం చాలాచోట్ల వాళ్ళ చెయ్యి రానియ్యలేదు, అది వేరే కథ. దూడను విడవకుండా, పొదుగు నిమరకుండా, బెదిరిన బర్రె దగ్గర పాలు రావని వాళ్ళకు తెలుసు. ఇంత పనికొచ్చే మాట చేతిలో ఉండగా మన శిక్షణ తరగతుల్లో 'ఆక్సిటోసిన్ రిఫ్లెక్స్' అని బట్టీ పెట్టిస్తారు. 'తేలిక మాటల్లో చెప్పు' అనే నైపుణ్యం ముందు ఆ తరగతికే కావాలె.

ఇక ఈ శాస్త్రాన్ని దాని చివరిదాకా తీసుకుపోదాం. దిగులు చేపును ఆపుతుందంటే, కాన్పు గదిలో కులం పేరుతోనో మురికి పేరుతోనో తిట్టించుకున్న తల్లికి ఏమవుతుంది? 'మీకు ఎంత చెప్పినా అర్థం కాదు' అనిపించుకున్న తల్లికి ఏమవుతుంది? 'మీకు' అనే ఆ బహువచనంలో ఎవరు ఉన్నారో ఆమెకు తెలుసు. పాలు రావట్లేదని ఆమె అన్నప్పుడు రిజిస్టరులో 'తల్లికి అవగాహన లేదు' అని రాస్తారు. అవమానించిన నోటిని ఏ రిజిస్టరులో రాస్తారు?

అపోహలు ఎవరివి?

ఈ పుస్తకాల్లో 'అపోహలు, వాస్తవాలు' అని ఒక పట్టిక ఉండటం ఆనవాయితీ. ఎడమ పక్కన తల్లి, అత్త, మంత్రసాని. కుడి పక్కన డాక్టరు. ముర్రుపాలు పిండి పారబొయ్యడం, తేనె నాకించడం, చక్కెర నీళ్ళు తాపడం ఎడమ పక్కకు చేరతాయి. ముర్రుపాలు బిడ్డకు మొదటి టీకా వంటివి, పారబొయ్యడం నష్టమే. కానీ ఆ పట్టికను అంకెల ముందు పెట్టి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది.

2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు దవాఖానల్లోనే జరిగాయి. పుట్టిన గంటలోపల తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతం. అంతకు ముందు 2015-16 సర్వేలో ఈ అంకె 41.6. ఐదేళ్ళలో కదలనే లేదు. తెలంగాణను చూడండి. నూటికి 97 కాన్పులు దవాఖానల్లో. గంటలోపల పాలు అందినవాళ్ళు నూటికి 37 మంది దగ్గర ఆగిపోయారు. కోతతో జరిగిన కాన్పులు 60.7 శాతం. నూటికి 97 మంది పిల్లలు శిక్షణ పొందిన చేతుల్లోనే పుడుతుంటే, మొదటి గంటను ఎత్తుకుపోయింది ఎవరు? అత్తనా, మంత్రసానినా? కాన్పు గదిలో మంత్రసాని ఎక్కడుంది? బిడ్డను ఒక గదిలో, తల్లిని ఇంకో గదిలో ఉంచిన పద్ధతి ఏ పట్టికలో ఎడమ పక్కకు వస్తుంది? కోత అయిన తల్లికి కూడా స్పృహలో ఉంటే, చేతి సాయం ఉంటే త్వరగా పాలు పట్టించవచ్చు. ఆ సాయం చేసే మనిషి ఆ గదిలో లేదు. అపోహల పట్టికను తిరగరాయాల్సిన సమయం దాటిపోయింది.

మంత్రసాని సంగతి ఇంకొంచెం చెప్పాలె. మన ఊళ్ళలో ఈ పని చేసినవాళ్ళు ఎక్కువగా మాదిగ, మంగలి, చాకలి స్త్రీలు. పురుడు మైల అన్నది శాస్త్రం చెప్పిన కులాలవాళ్ళు. ఆ మైలను చేతుల్తో ఎత్తిపోసింది వీళ్ళు. బొడ్డుకోసిన చేతికి చాటెడు గింజలు ఇచ్చి దూరంనుంచే పంపారు. 1970ల చివర్లో ప్రభుత్వం వీళ్ళను పిలిచి శిక్షణ ఇచ్చి సంచి చేతికిచ్చింది. 2005లో జననీ సురక్ష యోజన, జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక కాన్పులు దవాఖానకు మారాయి, మంత్రసాని లెక్కలోంచి జారిపోయింది. దవాఖాన కాన్పు వద్దని నేను అనను. ఇంట్లో రక్తం పోయి చచ్చిన ఆడవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. మంత్రసాని చేసిందంతా మంచిదని కూడా అనను. ముర్రుపాలు పారబొయ్యమన్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. నేను అడిగేది వేరు. బాలింత పక్కన కూచుని ఒళ్ళు పట్టి, బిడ్డను రొమ్ముకు ఆనించి, రాత్రంతా మేలుకుని ఉన్న ఆ ఓపికకు ఒక విలువ కట్టారా? 40 గంటల కోర్సు నేర్పాలనుకున్నది ఆ ఓపికనే కదా! మైల పని చేసినంతకాలం ఆ పని ఆమెది. అదే పనికి 'కౌన్సెలింగ్' అని పేరుపెట్టి జీతం కట్టేసరికి ఆమెకు అర్హత లేకుండా పోయింది.

ఆరు నెలలు అంటే ఎన్ని కూలి దినాలు?

ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలంటే తల్లి, బిడ్డ ఒక్కచోట ఉండాలె. ఇది శిక్షణ పుస్తకంలో రాయని మొదటి షరతు. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో పొద్దున పోయి పొద్దుగూకి వచ్చే తల్లికి ఈ షరతు ఎట్లా తీరుతుంది? పాలు పిండి గిన్నెలో పెట్టి పొమ్మని పుస్తకం సలహా ఇస్తుంది. ఆ గిన్నెను చూసుకునే ముసలామె కూడా కలుపుకు పోయింది. ఇంట్లో మిగిలింది ఏడేండ్ల అక్క. బడి మానేసిన పిల్లల లెక్కలో ఈ అక్క పేరు ఉంటుంది, తల్లిపాల లెక్కలో ఉండదు.

మా అమ్మ కాలంలో బాలింతలు మధ్యాహ్నానికి రొమ్ములు రాయి అయి, జాకెట్టు తడిసి, గట్టు చాటుకు పోయి పాలు సాలులో పిండేసి మళ్ళీ వరుసలోకి వచ్చేవాళ్ళు. దొర పొలం మా పాలు కూడా తాగింది. రొమ్ములోంచి పాలు తీయకపోతే, బిడ్డ చీకకపోతే పాల ఉత్పత్తి తగ్గుతుందని అదే కోర్సు చెప్తుంది. అంటే 'నాకు పాలు చాలట్లేదు' అన్న ఆమె మాట అపోహ కాదు, కూలి చేసిన పని. మొదట కూలి దినం పాలను తగ్గించింది, తరువాత చార్టు ఆమెను తప్పుపట్టింది.

చట్టాలు ఎవరికి అందాయి? 2017లో 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది, పదిమంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు. రోజుకొక పొలంలో పనిచేసే కూలిమనిషికి సంస్థ ఏది? 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి, బాలింతకు 6,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలంది. 2017లో వచ్చిన కేంద్ర పథకం దాన్ని మొదటి కాన్పుకు 5,000 చేసింది. తరువాత 2022లో రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే అని ఇంకొంత కలిపింది. రెండో కొడుకు పాలకు విలువ లేదా? 2005 ఉపాధి హామీ చట్టంలో పనిచోట ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి కూలి కట్టాలని రాశారు. ఆ కూలి పడ్డ మస్టరు ఏ పనిచోటనైనా ఎంతమంది చూశారు?

ఇక్కడ బాబాసాహెబ్‌ను గుర్తుచేసుకోవాలె. 1928 జులైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లుకు మద్దతుగా ఆయన మాట్లాడారు. కాన్పుకు ముందూ తరువాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం మొయ్యాలని ఆయన వాదన. తరువాత వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉండగా గనుల్లో పనిచేసే స్త్రీల ప్రసూతి చట్టాన్ని 1943లో సవరించారు. తల్లికి ఉపదేశం ఇవ్వాలన్నది ఆయన లెక్క కాదు. ఆమెకు విశ్రాంతి, కూలి ఇవ్వాలన్నది ఆయన లెక్క. మన శిక్షణ పుస్తకాలు ఆ లెక్కను తలకిందులు చేశాయి. విశ్రాంతి, కూలి ఇచ్చేవాడు మాయమయ్యాడు, ఉపదేశం మాత్రం మిగిలింది.

ఉపదేశం మోసే మనిషి పరిస్థితీ అంతే. ఆశాను ప్రభుత్వం ఉద్యోగి అనదు, స్వచ్ఛంద సేవకురాలు అంటుంది. పసిబిడ్డ ఇంటికి ఆ ఆరు సందర్శనలూ పూర్తి చేస్తే 250 రూపాయలని, 'మా' కార్యక్రమం కింద మూడు నెలలకొకసారి తల్లుల సమావేశం పెడితే 100 రూపాయలని లెక్కకట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేస్తే వాళ్ళ మీద ఎస్మా పెట్టారు. అత్యవసర సేవ అని ఎస్మా పెట్టినవాళ్ళు, ఆ అత్యవసర సేవకు జీతం అనే మాట వాడటానికి ఇష్టపడలేదు. తొందరపడకు అని ఈమెకు నేర్పుతున్నారు. ఇంటికి ఇంత అని లెక్కకట్టిన పనిలో తొందరపడకుండా ఉండటం ఎట్లా?

పళ్ళెంలో కులం

ఆరు నెలల తరువాతి తిండి దగ్గరకు వద్దాం. ఐదో సర్వేలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా ఆహారం అందినవాళ్ళు 11.3 శాతం మాత్రమే. ఎదుగుదల కుంగిన ఐదేళ్ళలోపు పిల్లలు దేశం మొత్తం మీద 35.5 శాతం, ఎస్సీల్లో 39.2, ఎస్టీల్లో 40.9. ఈ తేడాను తల్లుల తెలివితక్కువతనంతో కొలవలేం.

ఎనిమిది రకాల ఆహారంలో కనీసం ఐదు రకాలు రోజూ పెట్టాలంటారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వయసు పిల్లలకు గుడ్డు, చేప, మాంసం వంటివి రోజూ పెట్టడం మంచిదని చెప్పింది. ఇనుము కోసం కార్జం గొప్పదని ఆ పాత కోర్సు కూడా చెప్పింది. మన వాడల్లో ఈ ఆహారం ఉంది, దాని పేరు పెద్దకూర. అగ్గువకు దొరికే మాంసం అదే. బొమ్మల చార్టులో మాంసం అనే మాట ఉన్నచోట కూడా కోడి బొమ్మ, చేప బొమ్మ ఉంటాయి గాని పెద్దకూర బొమ్మ నేను చూడలేదు. పప్పు, పాలకూర, క్యారెట్, నెయ్యి, అరటిపండు చక్కగా రంగుల్లో ఉంటాయి. 'నీ బిడ్డకు ఏం పెడుతున్నవ్?' అని అడిగినప్పుడు మన తల్లి పెద్దకూర ఉడకబెట్టి మెత్తగా చేసి పెట్టిన అని చెప్పగలదా? చెప్పదు. పప్పు అన్నం అని చెప్తుంది. 'ఆమె సరిగ్గా చేస్తున్నదాన్ని మెచ్చుకో' అనే నైపుణ్యం అక్కడ ఓడిపోతుంది. మెచ్చుకోవాల్సిన పనిని ఆ తల్లి సిగ్గుతో దాచిపెట్టేటట్టు చేసింది ఎవరు?

జొన్న సంగతి కూడా అట్లాంటిదే. జహీరాబాద్ వైపు దళిత స్త్రీల సంఘాలు జొన్న, సజ్జ, కొర్ర పండించి, 1990లలో తమ ఊళ్ళకు తామే జొన్నల రేషను నడిపాయి. ఆ గటక, ఆ సంకటి పసిపిల్లకు ఎంత పలచగా, ఎంత చిక్కగా పెట్టాలో ఆ సంఘాల ఆడవాళ్ళు చెప్పగలరు. వాళ్ళను తరగతికి పిలిచేది నేర్చుకోవడానికే, నేర్పడానికి కాదు. తిండి సంచిలో వస్తుంది, రెండున్నర కిలోల బాలామృతం. గోధుమ, శనగ, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పొడి అది. ఆకలి ఉన్న ఇంట్లో అది ఆసరానే, కాదనను. కానీ ఆ సంచి ఇంట్లో ఐదుగురు పిల్లల మధ్య పంచుకుపోతే, పసిదానికి పెట్టలేదని మళ్ళీ తల్లినే అంటారు.

ఏం చెయ్యాలె?

విమర్శ చేసి వదిలేస్తే మన పని అయిపోదు. కోర్సు భాషలోనే కొన్ని అడుగుతున్నాను.

ఒకటి. ఒంటి భాష పాఠంలో 'అడ్డాలు తీసెయ్' అన్నచోట కులం పేరు పెట్టి చెప్పాలె. బల్లతో చూపించే ప్రదర్శన పక్కనే గడపతో, నీళ్ళ గ్లాసుతో ఇంకో ప్రదర్శన ఉండాలె. 1955, 1989 చట్టాలను 1992 చట్టంతోపాటే చెప్పాలె.

రెండు. దళిత ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తకు అంటరానితనం ఎదురైతే ఎవరికి చెప్పుకోవాలె, ఆమె వెనక ఎవరు నిలబడతారు అన్నది శిక్షణలోనే రాతపూర్వకంగా ఉండాలె. ఆ ఇంట్లో సేవ అందకపోతే ఆ లోటును ఆమె ఖాతాలో రాయొద్దు.

మూడు. వాడల్లో అంగన్‌వాడీ ఉండాలె. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లో, 2006లో ఇచ్చిన ఆదేశాలు ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ముందు వరుస ఇమ్మన్నాయి. ఆ కేంద్రం పాలిచ్చే తల్లి పనిచేసే వేళల్లో బిడ్డను చూసుకునేదిగా మారాలె.

నాలుగు. కూలిచేసే ప్రతి తల్లికి, ఎన్నో కాన్పు అన్న లెక్క లేకుండా, ఆరు నెలల కూలి. ఆరు నెలలు పాలిమ్మన్న ప్రభుత్వం ఆరు నెలల కూలి ఇవ్వలేనంటే, ఆ సలహాను కోర్సు ఒప్పుకోదు. ఎందుకంటే తల్లి చెయ్యగలిగిన సలహానే ఇమ్మంటుంది కోర్సు.

ఐదు. శిక్షణ ఇచ్చేవాళ్ళలో బతికున్న మంత్రసానులు, పిల్లలను పెంచిన కూలి ఆడవాళ్ళు ఉండాలె, గౌరవవేతనంతో కాదు, జీతంతో.

ప్రతి శిక్షణ చివర ఒక పరీక్ష పెడతారు. ముర్రుపాలు ఎందుకు మంచివి, పాలు పట్టడానికి నాలుగు గుర్తులు ఏవి అని అడుగుతారు. దానికి ఇంకో ప్రశ్న కలపమంటున్నాను. 'మీ ఊళ్ళో ఏ ఇండ్లలోకి మీరు పోరు, ఏ ఇండ్లలోకి మిమ్మల్ని రానియ్యరు?' జవాబులను దిద్దాల్సిన పని లేదు, మార్కులు వేయాల్సిన పని లేదు. వాటిని కుప్పపోసి చదివితే చాలు, తరువాతి పాఠం ఏం రాయాలో పుస్తకం రాసేవాళ్ళకు తెలుస్తది.